కొలిచిన చోటు

2019 ఫిబ్రవరి 5, మంగళవారం, ఉదయం 9 గంటల 40 నిమిషాలకు, జిల్లా న్యాయస్థానం రెండవ అంతస్తులో, తైమి కంగస్ రాసిన నివేదికను బాలల సంక్షేమ శాఖ న్యాయవాది పైకి చదవడం మొదలుపెట్టాడు. అందులో అబద్ధమనదగిన మాట ఒక్కటీ లేదు. పురపాలక సంఘం వారి నీటి పరీక్షశాలలో ముప్పై మూడేళ్ళు పనిచేసి విరమించిన తైమికి తాను చూడనిదీ కొలవనిదీ రాసే అలవాటు లేదు.

"'ఇంట్లో స్నానాల గది లేదు. పెరట్లో కట్టెల పొయ్యి ఉన్న చెక్కగది ఉంది. బాలిక బుధవారమూ శనివారమూ అక్కడ స్నానం చేస్తుంది. పోయిన శనివారం బయట చలి సున్నాకు దిగువన పంతొమ్మిది డిగ్రీలు, గదిలో వేడి డెబ్బై ఎనిమిది. తలుపుకు గడియ లేదు. బాలిక ఎడమ ముంజేతి మీద పొయ్యి తగిలి కాలిన మచ్చ ఉంది, పొడవు ఒక సెంటీమీటరు, మానుతోంది.'"

చదవడం ఆపి, ఆయన కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. వేరే వ్యాఖ్య చేయవలసిన అవసరం ఉన్నట్టు ఆయనకు తోచలేదు.

న్యాయమూర్తి హోల్‌కమ్ కళ్ళజోడు సవరించుకున్నాడు. మా జిల్లా న్యాయమూర్తికి గుండె ఆపరేషన్ జరగడంతో, ఆయన స్థానంలో రెండు నెలల కోసం రాష్ట్రం దక్షిణ భాగం నుంచి వచ్చినవాడు. "డెబ్బై ఎనిమిదంటే సెల్సియస్‌లోనా?" అని అడిగాడు.

"అవునయ్యా," అంది తైమి లేచి నిలబడి. "మన ఫారన్‌హీట్ లెక్కలో నూట డెబ్బై రెండు."

న్యాయమూర్తి ఆ సంఖ్యను రాసుకున్నాడు.

"నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా అమ్మా? ఎనిమిదేళ్ళ పిల్లని గడ్డకట్టే చలిలో బయటికి తీసుకెళ్ళి, నూట డెబ్బై రెండు డిగ్రీల గదిలో, మండుతున్న పొయ్యి పక్కన కూర్చోబెడుతున్నారు. చెయ్యి కాలింది కూడా. ఇదంతా రాసి, చివర మీరే పిల్లని ఆ ఇంట్లోనే ఉంచమని సిఫారసు చేశారు."

"అది స్నానమేనయ్యా."

"సౌనా!" అని వెనక వరస నుంచి ఒక ముసలి గొంతు అరిచింది. ఆ పిల్ల టెస్సాను పెంచుతున్న ఐనో రాంతది ఆ గొంతు. చెక్కగదిలో చేసే ఇక్కడి ఆవిరి స్నానం పేరది; ఆ ఒక్క మాటతో అన్నీ తేలిపోయినట్టే ఆమె తిరిగి కూర్చుంది. గుమస్తా తల వంచుకున్నాడు. తలుపు దగ్గరి జవాను కిటికీలోంచి మంచును చూడసాగాడు. వాళ్ళిద్దరూ ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళు. నవ్వు ఆపుకోవడానికి అంతకన్నా మార్గం లేదు.

తైమికి మాత్రం నవ్వు రాలేదు. ఆ ఉదయం తేలవలసింది టెస్సా ఎక్కడ పెరగాలన్న సంగతి. టెస్సా తల్లికి జైలుశిక్ష ఇంకా మూడేళ్ళు ఉంది. తండ్రి ఎవరో కాగితాల్లో లేదు. ఆరేళ్ళ వయసు నుంచీ ఆ పిల్ల శాఖ ఏర్పాటు చేసిన మూడు ఇళ్ళు మారి, అక్టోబరులో ఐనో దగ్గరికి చేరింది. ఐనో ఆమె అమ్మమ్మకు చెల్లెలు. ఆమెను సంరక్షకురాలిగా ఖాయం చెయ్యమని తైమి కోరింది. శాఖ చేతిలో వేరే ఇల్లొకటి సిద్ధంగా ఉంది: వంతెనకు అవతల, దక్షిణాన, నాలుగు వందల మైళ్ళ దూరంలో. అక్కడి వాళ్ళకు పిల్లలను పెంచే అనుమతిపత్రం ఉంది, ఇంట్లో రెండు స్నానాల గదులున్నాయి.

న్యాయమూర్తి తొందరపాటు మనిషి కాదు. విచారణను వారంపాటు వాయిదా వేశాడు. శాఖ ఉద్యోగిని కెండ్రా విట్లోను స్నానం రోజున స్వయంగా వెళ్ళి చూసి రమ్మన్నాడు. "మీరు కూడా వెళ్ళండి," అన్నాడు తైమితో. "ఈసారి నాలాంటివాడికి అర్థమయ్యేలా రాయండి."

కోర్టు పిల్లల కోసం నియమించే వలంటీర్లను మా జిల్లాలో 'పిల్ల తరఫు మనిషి' అంటారు. జీతం లేదు. శాఖకు ఒక న్యాయవాది, తల్లికి ఒక న్యాయవాది ఉంటారు. పిల్ల గురించి మాత్రమే ఆలోచించడానికి ఈ మనిషి. ముప్పై గంటల శిక్షణ పొంది, న్యాయమూర్తి ముందు ప్రమాణం చెయ్యాలి. నెలకొకసారైనా పిల్లను చూడాలి, బడికీ వైద్యుడి దగ్గరికీ వెళ్ళి వాకబు చెయ్యాలి, చూసింది రాయాలి. పిల్లను సొంత కారులో ఎక్కించుకోకూడదు. కానుకలివ్వకూడదు. అన్నిటికన్నా కష్టమైన నియమం ఇంకొకటి ఉంది: మాట ఇవ్వకూడదు.

తైమి ఈ పనిలోకి అరవై రెండో ఏట వచ్చింది. ఎందుకు వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. ఆమెను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళకు చెప్పవలసిన అవసరం కూడా లేదు. ఆమె తండ్రి రాగి గనిలో పనిచేసేవాడు. 1959లో తల్లికి క్షయ అని తేలి శానిటోరియానికి పంపినప్పుడు తైమికి ఏడేళ్ళు, చెల్లెలికి నాలుగు. ఒక మధ్యాహ్నం గని కంపెనీ కారు వచ్చింది. అక్కను ఒక పాడి రైతు ఇంటి దగ్గర, చెల్లెలిని సరస్సు ఒడ్డున ఒక జాలరి ఇంటి దగ్గర దింపి వెళ్ళిపోయింది. రెండిళ్ళ వాళ్ళూ మంచివాళ్ళే. కడుపు నిండా పెట్టారు, ఒక్క దెబ్బ కొట్టలేదు. తల్లి బతికి తిరిగి వచ్చింది కూడా. కానీ ఆ రెండు చలికాలాల్లో తైమిని ఎవరూ, ఏ విషయంలోనూ, ఒక్క ప్రశ్న అడగలేదు.

తరవాత ఆమె చదువుకుంది. రసాయనశాస్త్రంలో పట్టా తీసుకుని నీటి పరీక్షశాలలో చేరింది. కోపరేటివ్ దుకాణం నడిపే అర్వోను పెళ్ళాడింది. పిల్లలు కలగలేదు. అర్వో పోయిన మరుసటి ఏడు, పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి గ్రంథాలయానికి వెళ్ళి, గోడ మీద వలంటీర్లు కావాలన్న ప్రకటన చూసింది. పూర్తిగా చదివి, ఇంటికి వెళ్ళి, రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు వెర్నా మాకి దగ్గరికి వచ్చింది.

వెర్నా మా జిల్లాలో వలంటీర్ల కార్యాలయాన్ని నడుపుతుంది. కార్యాలయమంటే ఇనప సామాను దుకాణం మీద రెండు గదులు. ప్రతి నివేదికనూ కోర్టుకు పంపేముందు ఆమే చదివి సంతకం పెడుతుంది. ఆ మంగళవారం మధ్యాహ్నం తైమి అక్కడికి వచ్చేసరికి, వెర్నా అదే నివేదికను ముందు పెట్టుకుని కూర్చుని ఉంది.

"కంచే చేను మేసిందే తైమీ," అంది వెర్నా.

"నేను రాసినవన్నీ నిజాలే."

"కాదన్నదెవరు? నేనూ చదివాను కదా. ఇందులో నాకేం కనిపించిందో తెలుసా? వారానికి రెండుసార్లు శుభ్రంగా సౌనా చేస్తున్న అదృష్టవంతురాలు కనిపించింది. మా ఇంట్లో నా మనవళ్ళని లాక్కెళ్ళినా రారు."

"నాకూ అంతే కనిపించింది."

"ఆ పెద్దమనిషికి మాత్రం పిల్లని రొట్టెలా కాలుస్తున్నట్టు కనిపించింది. ఊరికే అన్నారా, వంతెన కింద దయ్యాలుంటాయని!" మా ద్వీపకల్పానికీ దక్షిణ భాగానికీ మధ్య ఉన్న పొడవాటి వంతెనకు దిగువన ఉండేవాళ్ళను ఇక్కడివాళ్ళు అలాగే అంటారు. దిగువవాళ్ళకూ ఆ సంగతి తెలుసు.

"ఆయన తప్పేం లేదు వెర్నా. కాగితంలో ఏముందో అదే చదివారు."

"నువ్వొకదానివి! తిట్టుకోవడానికి కూడా తోడు రావు," అని వెర్నా కాఫీ పోసింది.

ఆ సాయంత్రం తైమి తన నివేదికను, ఎవరో అపరిచితులు పంపిన నమూనాను పరీక్షిస్తున్నట్టు, మొదటి నుంచీ మళ్ళీ చదివింది. వేడి డెబ్బై ఎనిమిది డిగ్రీలు. ఎక్కడ? ఆ ప్రశ్నకు కాగితంలో జవాబు లేదు. సౌనాలో ఉష్ణమాపకం పైకప్పు కిందే వేలాడుతుంది. ఇక్కడ ఏ ఇంట్లోనైనా అంతే. పైకప్పు దగ్గరి వేడికీ నేల దగ్గరి వేడికీ పోలికే లేదన్నది కూడా ఇక్కడ అందరికీ తెలుసు. అందుకే రాయలేదు. అందుకే వెర్నా అడగలేదు. పరీక్షశాలలో ఉన్నన్నాళ్ళూ, ఏ చోట పట్టారో రాయని నీళ్ళసీసాను తైమి ఒక్కసారి కూడా లోపలికి తీసుకోలేదు. తెచ్చినవాడు ఎంత బతిమాలినా వెనక్కి పంపేది. ఇప్పుడు ఒక పిల్ల విషయంలో అలాంటి సీసానే తాను కోర్టుకు పంపింది.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆమె మూడు ఉష్ణమాపకాలను ఉన్నిగుడ్డలో చుట్టి ఐనో ఇంటికి బయలుదేరింది.

కెండ్రా అప్పటికే వచ్చి, వంటింట్లో బల్ల అంచున కూర్చుని ఉంది. వయసు ఇరవై ఆరు. పాత ఉద్యోగిని మానేశాక జనవరిలోనే దక్షిణం నుంచి వచ్చింది. ఇలాంటి చలి ఆమెకు ఇదే మొదలు. ఆమె ముందు కాఫీ, ఏలకుల పొడి వేసిన తీపిరొట్టె ముక్కలూ ఉన్నాయి. ముట్టుకోలేదు.

"తిను తల్లీ," అంది ఐనో. డెబ్బై ఒకటో ఏట కూడా మనిషి నిటారుగా ఉంటుంది. "విషం కలపలేదు. పిల్లని వండేది ఐదింటికి కదా, అందాకా ఆకలితో ఉంటావా?"

"ఐనో," అంది తైమి గుమ్మంలోంచే.

"నేనేమన్నానే? రొట్టె తినమన్నాను."

కెండ్రా ముఖం ఎర్రబడింది. "మీ మీద నాకేం కోపం లేదండీ. కాగితంలో కాలిన మచ్చ అని ఉంటే అడక్కుండా ఎలా వదిలెయ్యను? రేపు ఏదైనా జరిగితే, చదివి కూడా ఊరుకున్నానంటారు."

"అడగమనే అంటున్నాను. కాకపోతే కాగితాన్ని కాదు, నన్ను అడుగు."

"సరే అడుగుతున్నాను. వారానికి రెండేసార్లేనా స్నానం? మిగతా రోజులు?"

"మిగతా రోజులు ముఖం, కాళ్ళు, చేతులు కుళాయి దగ్గర. నువ్వు రోజూ తొట్టిలో నానతావేమో. నానితే మురికి పోదు, చెమట పడితేనే పోతుంది."

అంతసేపూ టెస్సా మెట్ల మీద కూర్చుని వింటోంది. సన్నటి పిల్ల, రెండు జడలు, ముందుపళ్ళలో ఒకటి లేదు. ఎవరూ పిలవకుండానే లేచి వచ్చి, తలుపు పక్క కొక్కేనికి ఉన్న ఉన్ని టోపీ తీసి పెట్టుకుంది.

"నేను చూపిస్తా," అంది కెండ్రాతో. "మీ బూట్లు జారతాయి. చిన్నమ్మమ్మవి వేసుకోండి."

చెక్కగది పెరటి గుమ్మానికి ఎదురుగానే ఉంది. దారిలో మంచు తవ్వి, జారకుండా బూడిద చల్లి ఉంది. బయటి గదిలో చెక్కబల్ల, తువ్వాళ్ళు, ఒక దీపం ఉన్నాయి. లోపలి గదిలో రాళ్ళు పేర్చిన పొయ్యి, దాని పక్కన వేణ్ణీళ్ళ డ్రమ్ము, చన్నీళ్ళ తొట్టి, గోడను ఆనుకుని మూడు వెడల్పాటి మెట్లు. పొయ్యి రగిలించి గంటన్నర అయింది. కోటుతోనే లోపలికి అడుగుపెట్టిన కెండ్రా ఒక్క నిమిషంలో బయటికి వచ్చి, కోటు విప్పి మళ్ళీ వెళ్ళింది.

తైమి ఒక ఉష్ణమాపకాన్ని పైకప్పు కింది మేకుకు, ఒకదాన్ని కింది మెట్టు పక్కన, ఒకదాన్ని నేలకు జానెడు ఎత్తున వేలాడదీసింది. పాదరసం నిలబడే వరకూ ఆగాలని చెప్పింది. ఆ వ్యవధిలో మాట్లాడింది టెస్సాయే.

"ఇది నా మెట్టు," అంది కింది మెట్టు మీద కూర్చుని. "పైది పెద్దవాళ్ళది. పదేళ్ళు వస్తే రెండో మెట్టు."

"ఎవరు పెట్టారు ఆ రూలు?" అని అడిగింది కెండ్రా.

"ఎవరూ పెట్టలేదు. అదంతే." కెండ్రా రెండో మెట్టు వైపు జరగడం చూసి టెస్సా గబుక్కున ఆమె చొక్కా పట్టుకుంది. "వద్దొద్దు! మీరు మొదటిసారి కదా. మొదటిసారి వచ్చినవాళ్ళు నా పక్కనే కూర్చోవాలి."

కెండ్రా కూర్చుంది. "తలుపుకి గడియ ఎందుకు లేదు?"

టెస్సా ఆమెను కాస్త జాలిగా చూసింది. "లోపల ఎవరికైనా కళ్ళు తిరిగితే? నెట్టగానే తెరుచుకోవాలి కదా. అందుకే తలుపు బయటికి తెరుచుకుంటుంది. గడియ పెడితే లోపలే ఉండిపోతారు."

కెండ్రా లేచి, వేలితో తలుపును నెట్టి చూసింది. తెరుచుకుంది. మూసి, మళ్ళీ నెట్టి చూసింది.

"మరి చెయ్యి?"

"అది నా తప్పే. పొయ్యి తలుపు కొక్కెంతో తియ్యమంది చిన్నమ్మమ్మ. నేను చేత్తో తీశా. ఒక్కసారే."

"ఆ మచ్చ లేని చెయ్యి ఈ చుట్టుపక్కల ఉంటే చూపించు," అని గుమ్మంలో నిలబడ్డ ఐనో చొక్కా చెయ్యి మడిచింది. మోచేతి కింద పాతబడ్డ తెల్లటి గీత. "నాది 1955. తైమీ, నీది చూపించవే."

తైమి తన చెయ్యి చూపించలేదు. కెండ్రా వైపు చూసింది.

"అందరికీ ఉన్నంత మాత్రాన అది మంచిదైపోతుందా అండీ?" అంది కెండ్రా నెమ్మదిగా.

పొయ్యిలో కట్టె చిటపటమంది. "అవ్వదు," అంది తైమి.

ఐనో కళ్ళు పెద్దవి చేసింది. "నువ్వెవరి తరఫే?"

"టెస్సా తరఫు."

"ఇది మా నాన్న కట్టిన గది. ఇన్నేళ్ళలో ఇందులో ఒక్కరూ చావలేదు!"

"చావకపోవడం ఒక్కటేనా కొలత? పొయ్యికి చుట్టూ చెక్క అడ్డం ఉంటే ఆ మచ్చ పడేది కాదు. చాలా ఇళ్ళలో ఉంటుంది. మీ నాన్న కట్టలేదు, మా నాన్నా కట్టలేదు. కట్టకపోవడానికి కారణమేమీ లేదు, అలవాటు తప్ప."

ఐనో ఏదో అనబోయి, టెస్సా చేతిని చూసి ఆగిపోయింది. కాసేపటికి, "కొట్టంలో దేవదారు పలకలున్నాయి," అంది ముభావంగా. "ఎంత ఎత్తు కావాలంట దొరసానికి?"

పాదరసం నిలబడింది. తైమి పైనుంచి కిందికి చదివింది. కెండ్రా కూడా స్వయంగా చూసి రాసుకుంది. పైకప్పు కింద డెబ్బై ఆరు, టెస్సా కూర్చునే చోట నలభై మూడు, నేల దగ్గర ఇరవై నాలుగు.

తైమీ కెండ్రా వంటింట్లోకి తిరిగి వచ్చారు. ఐనో పిల్లకు తలంటి, స్నానం చేయించి తీసుకొచ్చేసరికి చీకటి పడింది. టెస్సా మందపాటి గౌనులో, తలకు తువ్వాలు చుట్టుకుని, బుగ్గలు యాపిల్ పళ్ళలా ఎర్రగా, ఒళ్ళంతా ఆవిర్లు కక్కుతూ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. మాంసమూ దుంపలూ కూరి కాల్చిన పాస్టీ ఒకటి పూర్తిగా తిని, రెండోదాని కోసం చెయ్యి చాచింది. కెండ్రా అప్పటికి మూడో ముక్క ఏలకుల రొట్టె తింటోంది. ఐనో చూసింది గానీ, ఆమె స్వభావానికి విరుద్ధంగా, ఏమీ అనలేదు.

కెండ్రా కారు అద్దం మీది మంచు గీకుతుండగా, టెస్సా కిటికీలోంచి చూస్తూ తైమిని అడిగింది: "మామ్మా, ఆవిడ నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిందా?"

"కాదు. చూడ్డానికి వచ్చింది."

"చూశాక తీసుకెళ్తారా?"

ఆ ప్రశ్నకు ప్రపంచంలో ఏ పెద్ద మనిషైనా చెప్పే జవాబు ఒకటుంది. తైమి అది చెప్పలేదు. "నాకు తెలీదు టెస్సా," అంది. "మంగళవారం జడ్జిగారు చెప్తారు. ఏం చెప్పినా సరే, ఆ రోజే వచ్చి నీకు చెప్తాను. నీకేం కావాలో నేనాయనకి చెప్పాలి. చెప్పు, ఏమని చెప్పమంటావు?"

టెస్సా చెప్పింది. తైమి ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుంది. తరవాత కారులో ఇంజన్ వేడెక్కే వరకూ, చేతులు స్టీరింగు మీద పెట్టుకుని, చాలాసేపు కూర్చుంది.

ఫిబ్రవరి 12న న్యాయస్థానం కిటికీలను మంచుతుఫాను తడుతూనే ఉంది. తైమి సమర్పించిన కాగితం ఒక పేజీ. ప్రతి కొలతకూ ముందు, అది ఏ చోట తీసుకున్నదో ఉంది.

"ఈసారి చోట్లు రాశారు," అన్నాడు న్యాయమూర్తి.

"మొదటిసారే రాయాల్సిందయ్యా. ఇక్కడ అందరికీ తెలుసు కదా అనుకున్నాను. మీకు తెలియకపోవచ్చని నాకు తట్టలేదు."

ఆయన కెండ్రా వైపు తిరిగాడు. "మీరు లోపలికి వెళ్ళారా?"

"వెళ్ళానండీ. పిల్ల కూర్చునే చోటే కూర్చున్నాను. రెండో మెట్టు ఎక్కబోతే ఎక్కనివ్వలేదు."

"ఎవరు?"

"టెస్సా."

గుమస్తా ఈసారి తల వంచుకోలేదు. అందరితో పాటే నవ్వాడు. కెండ్రా ముగించింది: "దారి సురక్షితంగా ఉంది, వేడినీళ్ళూ చన్నీళ్ళూ ఉన్నాయి, గడియ లేకపోవడం లోపం కాదు, అదే జాగ్రత్త. పొయ్యికి అడ్డం కట్టమని కోరాను. ఆదివారమే కట్టారు, నిన్న వెళ్ళి కదిపి చూశాను, గట్టిగా ఉంది. శాఖ అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటోంది."

"పిల్ల ఏమంటోంది?" అని న్యాయమూర్తి తైమిని అడిగాడు.

తైమి కాగితం చూసి చదివింది. "'ఇక్కడే ఉంటాను. రెండో మెట్టుకి ఇంకా రెండేళ్ళుంది.'"

హోల్‌కమ్ తల ఊపాడు. తరవాత కలం తీశాడు. ఐనో రాంతను సంరక్షకురాలిగా నియమించినట్టూ, ఈ కేసులో ఇక వాయిదాలు లేనట్టూ చదివి వినిపించాడు. ఆపైన సంతకం పెట్టాడు.

వరండాలో ఐనో పెద్ద చప్పుడుతో ముక్కు చీదుకుంది. "ఈ బిల్డింగులో వేడి సరిగ్గా పెట్టి చావరు, జలుబు పట్టుకుంది," అంది. కెండ్రాను చూసి, "ఏమ్మాయ్, శనివారాలు ఖాళీయేనా?" అని అడిగింది.

"ఉద్యోగరీత్యా రాకూడదండీ ఇక."

"ఉద్యోగం కోసం ఎవరు రమ్మన్నారు? ఒళ్ళు శుభ్రం చేసుకోవడానికి రమ్మన్నాను. అద్దె గదిలో ఆ తొట్టిలో నాని నాని నాచు పట్టేలా ఉన్నావు."

"దయ్యాలకి కూడా ప్రవేశం ఉందా మరి?" అంది కెండ్రా.

ఐనో ఒక్క క్షణం తెల్లబోయి, తరవాత గోడకు చెయ్యి ఆనించుకుని నవ్వింది. మెట్ల మీద ఎదురుచూస్తున్న వెర్నాకు ఆ నవ్వు వినబడి, తీర్పు ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. వెర్నా తైమి భుజం మీద చెయ్యి వేసింది. "ఇకనుంచి నీ నివేదికలు దయ్యాలకి చూపించాకే సంతకం పెడతానే," అంది. తైమి నవ్వలేదు గానీ, ఆ చేతిని తియ్యలేదు. వారం రోజులుగా పైకి బిగించి పట్టుకున్న ఆమె భుజాలు అప్పుడు కిందికి దిగాయి.

బడి బస్సు వచ్చే వేళకు తైమి ఐనో ఇంటి గేటు దగ్గర నిలబడి ఉంది. టెస్సా దిగి, మంచులో ఆగి, ముందు ఆమె ముఖంలోకి చూసింది.

"ఇక్కడే ఉంటావు," అంది తైమి, మరే మాటా ముందు పెట్టకుండా.

"ఎప్పటిదాకా?"

"పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా. ఆ తరవాత నీ ఇష్టం."

టెస్సా ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అయితే రేపు బుధవారం, సౌనా ఉంటుందిగా?"

"ఉంటుంది."

"సరే," అని ఆమె ఇంట్లోకి పరిగెత్తింది. సంచీ మంచులోనే పడిపోయింది. తైమి వంగి దాన్ని తీసి, దులిపి, గుమ్మం దాకా మోసుకెళ్ళింది.

మరునాడు మంచు వల్ల జిల్లాలోని బడులన్నిటికీ సెలవు. తైమి చివరి నివేదిక రాయడానికి కూర్చున్నప్పుడు ఐనో ఫోన్ చేసింది.

"ఇప్పుడే లేచిందే," అంది ఐనో, ఎవరికో వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి. "ఈ వారమంతా రాత్రిళ్ళు లేచి వచ్చి నా గది గుమ్మంలో నిలబడేది. ఏమ్మా అంటే ఏం లేదనేది. నీతో చెప్పలేదు, ఇంకో గోల అవుతుందని. నిన్న రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు. నాకే భయమేసి రెండుసార్లు వెళ్ళి ఊపిరి చూసొచ్చాను."

"ఎన్నింటికి పడుకుంది?"

"సరిగ్గా ఎనిమిదింటికి."

"లేచింది?"

"ఎనిమిదీ ముప్పై ఐదుకి. ఇదిగో, రొట్టె అడుగుతోంది, ఉంటాను."

తైమి ఫోన్ పెట్టేసి, కలం తీసి, 'నిద్ర' అన్న మాటకు ఎదురుగా రాసింది: 12 గంటల 35 నిమిషాలు.